పాత జెన్ మీటరులో ఎల్ఈడీలు: ఏవి మార్చాలి, ఏది వదిలేయాలి

మాది 1999 మోడల్ మారుతి జెన్ కారు. ఇంజన్ ఇప్పటికీ నిక్షేపంగా ఉంది. కానీ రాత్రయితే మీటరులో ఎడమవైపు చీకటి, ఏసీ ప్యానెల్ దగ్గరైతే మొత్తం చీకటే. నాన్న చేత్తో తడుముకుని బ్లోయర్ స్పీడు పెంచుకునేవారు. వానాకాలంలో ఏలూరు నుంచి విజయవాడకు రాత్రిపూట వస్తుంటే, అద్దానికి ఆవిరి పట్టిన సమయంలో ఆ తడుములాట చూసి నాకు టెన్షన్ వచ్చేది. ఎలాగూ విప్పుతున్నాం కదా, మాడిన బల్బుల బదులు ఎల్ఈడీలు వేద్దామనుకున్నాను.

ఆటోనగర్‌లో అడిగితే ముందు చూపించేవి నీలం, లేదా పాలలా తెల్లగా వెలిగేవి. చూడ్డానికి బాగుంటాయి. నేను మాత్రం పసుపు కలిసిన తెలుపు, అదే వార్మ్ వైట్, కావాలని పట్టుబట్టాను. నాన్నకు శుక్లాల ఆపరేషన్ అయింది. నీలం ఎక్కువున్న కాంతి చీకట్లో ఆయన కళ్లకు గుచ్చుకుంటుంది. వయసు పైబడిన చాలామందికి ఈ ఇబ్బంది ఉంటుంది. పైగా మీటరు మరీ ప్రకాశంగా ఉంటే దాని ప్రతిబింబం ముందు అద్దంలో పడుతుంది, బయట నల్లటి రోడ్డు మీద పశువు నిలబడి ఉన్నా ఆలస్యంగా కనిపిస్తుంది. మీటరు లైటు అంకెలు చదవడానికి సరిపోతే చాలు.

రంగు విషయంలో ఇంకోటుంది. తెల్ల ఎల్ఈడీ అంటే లోపల నీలం చిప్పు, పైన పసుపు పూత. అందులో ఎరుపు పాలు తక్కువ. ఫిలమెంట్ బల్బులో ఎరుపు దండిగా ఉంటుంది. అందుకే ఆయిల్, హ్యాండ్‌బ్రేక్ లాంటి ఎర్ర గుర్తుల వెనక పాలలాంటి తెల్ల ఎల్ఈడీ పెడితే వెలవెలబోతాయి. అక్కడ మార్చాలంటే ఎర్ర ఎల్ఈడీయే వేయాలి. కొన్ని కార్లలో బల్బుకు ఆకుపచ్చ రబ్బరు టోపీ ఉంటుంది. దాన్ని తీసేసి నేరుగా ఆకుపచ్చ ఎల్ఈడీ వేసుకుంటే ఒరిజినల్ రంగే వస్తుంది.

పని మొదలుపెట్టే ముందు పది నంబర్ స్పానర్‌తో బ్యాటరీ మైనస్ టెర్మినల్ తీసేశాను. మీటరు పైనున్న కవరు స్క్రూలు విప్పి, వెనక చెయ్యి పెట్టి స్పీడోమీటర్ కేబుల్ క్లిప్పు నొక్కితే మీటరు ముందుకొస్తుంది. దాని వెనకంతా పల్చటి ప్లాస్టిక్ షీటు, అందులో రాగి గీతలు. వైర్లకు బదులు అవే. బల్బు హోల్డరును పావు వంతు తిప్పితే ఊడొస్తుంది, కానీ హోల్డరు చెవులు ఆ రాగి మీదే ఆని ఉంటాయి. బలంగా తిప్పితే రాగి లేచిపోతుంది, అప్పుడు ఆ గీత మీదున్న లైట్లన్నీ పోతాయి. బొటనవేలితో షీటును అదిమిపట్టి మెల్లగా తిప్పాలి. తీసిన బల్బులను వెలుతురులో పెట్టి చూశాను. వెలిగేవాటి గాజుకు కూడా లోపల నల్లటి మసి పట్టేసింది. ఇన్నేళ్లు ఫిలమెంట్ ఆవిరై గాజుకు అంటుకున్నదే అది.

కొనేటప్పుడు ఎల్ఈడీ చిప్పులు పక్కలకు కూడా ఉన్నవి అడగండి. కొసన ఒక్క చిప్పే ఉన్నది టార్చిలైటులా ఒకేచోట కొడుతుంది, మిగతా అంకెలు మసకగానే ఉంటాయి. ఎల్ఈడీకి ప్లస్, మైనస్ ఉంటాయి కాబట్టి అన్నీ బిగించేయకుండా బ్యాటరీ తగిలించి, పార్కింగ్ లైటు వేసి చూడాలి. వెలగనిదాన్ని హోల్డరులోంచి తీసి అటూ ఇటూ మార్చి పెడితే సరి. బండి స్టార్టయ్యాక వోల్టేజి 14 దాటుతుంది గనక, 12 వోల్టులని రాసి ఉన్నా కారు కోసం చేసినవే తీసుకోవాలి. మీటరు వెలుగు తగ్గించే డయల్ ఉన్న పాత కార్లలో ఆ డయల్ ఎల్ఈడీలతో మునుపటిలా పనిచేయకపోవచ్చు. చాలాసేపు తగ్గదు, తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. మా బండిలో ఆ డయల్ లేదు.

ఏసీ ప్యానెల్లో ఉండేది చిటికెన వేలి గోరంత బల్బు. దాని వెలుగును ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ పలక అన్ని గుర్తులకూ మోసుకెళ్తుంది. ఆ పలక మీద దుమ్ము పేరుకుంటే ఎంత మంచి ఎల్ఈడీ వేసినా లాభం లేదు. మెత్తటి గుడ్డ తడిపి తుడిచాను. సగం వెలుగు దానితోనే వచ్చింది.

ఇక నేను ముట్టుకోనిది, బ్యాటరీ గుర్తు బల్బు. చాలా పాత కార్లలో అది హెచ్చరికకు మాత్రమే కాదు. ఇంజన్ తిరుగుతుంటే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ ఆ పని మొదలుపెట్టడానికి కావాల్సిన మొదటి కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది. 1.2 వాట్ల బల్బు అయితే సుమారు 100 మిల్లీయాంపులు పోనిస్తుంది. చిన్న ఎల్ఈడీ పోనిచ్చేది 20 దరిదాపుల్లో. అది చాలక ఆల్టర్నేటర్ లేవకపోతే, బండి బ్యాటరీ మీదే నడిచి ఎక్కడో దారిలో ఆగిపోతుంది. ఆ ఒక్కచోట కొత్త ఫిలమెంట్ బల్బే వేశాను. మీ బండి గురించి ఖచ్చితంగా తెలియకపోతే మీరూ అలాగే చేయండి.

చివరగా ఒక్కమాట. మీటరుకు ఎల్ఈడీలు కొంటుంటే షాపులో హెడ్‌లైటుకు కూడా వేసేయమంటారు. దయచేసి వద్దు. హాలోజన్ హెడ్‌లైటు గిన్నెను ఫిలమెంట్ సరిగ్గా ఎక్కడుంటుందో లెక్కేసి తయారుచేస్తారు. అందులో ఎల్ఈడీ దూరిస్తే వెలుగు చెదిరి, ఎదురొచ్చే స్కూటరతని కళ్లలో పడుతుంది.