మా చిన్ని దాహం ఎండల వల్ల కాదు

విజయవాడలో మే నెల. మనుషులమే బిందెలకు బిందెలు ఖాళీ చేస్తున్నాం, ఇక ఒళ్లంతా బొచ్చున్న స్పిట్జ్ జాతి కుక్క తాగదా అనుకున్నాను. చిన్నికి తొమ్మిదేళ్లు, పదకొండు కిలోలుంటుంది. పొద్దున నింపిన గిన్నె పదింటికల్లా ఖాళీ, మళ్లీ నింపితే మధ్యాహ్నానికి ఖాళీ. రాత్రి రెండింటప్పుడు వంటింట్లోంచి నీళ్లు నాకే చప్పుడు ఆగకుండా వినిపించేది.

తర్వాత ఇంట్లోనే ఉచ్చ పోయడం మొదలైంది. చిన్నప్పటి నుంచి బయటికి తీసుకెళ్తే తప్ప ఒక్క చుక్క పోయని పిల్ల, హాల్లో, మంచం పక్కన పోసేసి, తలుపు వెనక్కి వెళ్లి తల దించుకుని కూర్చునేది. "పెద్దదైపోయింది కదమ్మా, ఆపుకోలేకపోతోంది" అన్నారు మా అత్తయ్య. నేనూ అదే నమ్మి, తాగకపోతే పోయదు కదా అని రాత్రి తొమ్మిది తర్వాత గిన్నె తీసేశాను. మూడు రాత్రులు అలా చేశాను. మూడో రాత్రి లేచి చూస్తే బాత్రూంలో తడినేల నాకుతోంది. అది ఇప్పటికీ నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. వెంటనే గిన్నె నింపి పెడితే తల ఎత్తకుండా తాగి, కాసేపటికి సగం కక్కేసింది.

మా నాన్నకి షుగర్ ఉంది. ఫోన్లో చెబితే, పోసిన చోట చీమలు పడుతున్నాయేమో చూడమన్నారు. పట్టలేదు. దగ్గర్లోని డాక్టర్ యూరిన్ ఇన్ఫెక్షన్ అని ఐదు రోజులకి మాత్రలు రాశారు, పొట్ట మీద చెయ్యి కూడా వేయలేదు. రెండు రోజులు తేరుకున్నట్టే ఉండి మళ్లీ మొదటికొచ్చింది, ఈసారి తిండి కూడా మానేసింది. పొట్ట మాత్రం కొంచెం పెరిగినట్టుంది, లావెక్కిందనుకున్నాం.

అప్పుడు కొలిచాను. కొలత గ్లాసుతో పోస్తూ, మిగిలింది తీసేస్తూ, ఎంత పోశానో క్యాలెండర్ మీద రాసుకుంటూ ఒక పూర్తి రోజు లెక్కపెడితే 1,600 మిల్లీలీటర్లు వచ్చింది. కుక్క మామూలుగా కిలో బరువుకి రోజుకి 50, 60 మిల్లీలీటర్లు తాగుతుంది, 100 దాటితే ఏదో జబ్బు ఉందని పరీక్షలు చేయించాల్సిందే. మా చిన్ని 145 తాగుతోంది.

రెండో డాక్టర్ ఆ లెక్క వినగానే, "పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారా? చివరిసారి ఎదకి ఎప్పుడొచ్చింది?" అని అడిగారు. చేయించలేదు. మార్చి చివర్లో వచ్చింది. స్కానింగ్ చేస్తే గర్భసంచి నిండా చీము. పయోమెట్రా అంటారట. తెల్లకణాలు 38 వేలున్నాయి, 17 వేలు దాటకూడదు. షుగర్ మామూలుగానే ఉంది. ఎద అయిన కొన్ని వారాలకి, ముఖ్యంగా వయసు మళ్లిన ఆడకుక్కల్లో ఇది వస్తుందట. గర్భసంచి నోరు తెరుచుకుని ఉంటే చీము బయటికి కారి తెలుస్తుంది, చిన్నికి మూసుకుపోయింది కాబట్టి మాకేమీ కనిపించలేదు.

దాహం ఎందుకని అడిగాను. ఆ బాక్టీరియా విషం వల్ల కిడ్నీలు నీటిని ఒంట్లో నిలబెట్టలేవు, నీళ్లన్నీ మూత్రంలో పోతుంటాయి, పోయినదాన్ని పూడ్చుకోవడానికే అది తాగుతోంది అన్నారు. అంటే ఎక్కువ తాగి పోయడం కాదు, ఎక్కువ పోతోంది కాబట్టి తాగడం. నేను గిన్నె తీసేసిన ఆ మూడు రాత్రులూ దాని ఒళ్లు ఎండిపోతూనే ఉంది.

ఆ సాయంత్రమే సెలైన్ ఎక్కించి ఆపరేషన్ చేశారు. తీసిన గర్భసంచి ట్రేలో చూపించారు, మామూలుగా పెన్సిలంత సన్నగా ఉండాల్సిన దాని రెండు కొమ్ములూ, అంటే రెండు గొట్టాలూ, అరటికాయలంత లావున్నాయి. ఇంకో రెండు రోజులు ఆగితే లోపలే పగిలేదేమో అన్నారు. మర్నాడు తల ఎత్తింది. మూడో రోజు నా చేతిలోంచి రెండు ముద్దలు పెరుగన్నం తిన్నది, నేను అక్కడే ఏడ్చేశాను. మెడకి ప్లాస్టిక్ గరాటా కట్టారు కుట్లు నాకకుండా, అది గిన్నెకి తగిలి నీళ్లన్నీ ఒలికిపోతుంటే నేనే గిన్నె ఎత్తి పట్టుకునేదాన్ని. పన్నెండో రోజు కుట్లు విప్పారు. నెల తర్వాత కిడ్నీ పరీక్ష మళ్లీ చేయించాం, బాగానే ఉంది.

మళ్లీ కొలిస్తే రోజుకి 580. ఇంట్లో పోయడం పూర్తిగా ఆగిపోయింది. రాత్రి పడుకోబోయే ముందు గిన్నె నిండుగా పెడుతున్నాను, పొద్దున చూస్తే దాదాపు అలాగే ఉంటోంది.