సారంగధర మెట్ట ఎక్కిన కార్తీక సోమవారం

కార్తీక సోమవారం ద్రాక్షారామం వద్దమ్మా, జనం తొక్కేస్తారు అంటే మా అమ్మ వినలేదు. తెల్లారగట్ల మూడున్నరకి అమలాపురంలో బయలుదేరాం, నేను, అమ్మ, మా మేనత్త. ఎదుర్లంక వంతెన దాటి యానాం వచ్చినా ఇంకా చీకటే.

సప్తగోదావరి గుండంలో అప్పటికే అరటి దొప్పల్లో దీపాలు తేలుతున్నాయి. మెట్ల నిండా నూనె, పాచి, తడి చీరలు. అత్త జారబోయి నా చొక్కా పట్టుకుంది, ఒక గుండీ పోయింది. తర్వాత రెండున్నర గంటలు క్యూ. ఆ క్యూలోనే నాకు అసలు దర్శనం అయిందనుకుంటాను, ఎందుకంటే పక్కనే రాతి మీద శాసనం. అక్షరాల గాడుల్లో ఎవరెవరో రాసిన కుంకుమ, పసుపు ఎండిపోయి ఉన్నాయి. వేలు పెట్టి కూడబలుక్కుంటే ‘శ్రీ’ ఒక్కటే తెలిసింది. ఈ గుళ్ళో వందల శాసనాలున్నాయి, వాటిలో కులోత్తుంగ చోళుడి కాలంవి బోలెడు. ఆయన చోళుడు అనే మాటే గానీ రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడి కొడుకే. ఆ సంగతి చెబితే అత్త నన్ను అదోలా చూసింది. ‘రాజరాజ నరేంద్రుడి కొడుకు సారంగధరుడు కదరా’ అంది.

ఇక కథ మొదలు. కొడుకు పావురం ఎగిరి వెళ్ళి సవతితల్లి చిత్రాంగి మేడ మీద వాలడం, దానికోసం వెళ్ళిన కుర్రాడి మీద ఆవిడ మనసు పడడం, కాదన్నాడని మొగుడికి లేనిపోనివి చెప్పడం, రాజు వెనకా ముందూ చూడకుండా కొడుకు కాళ్ళూ చేతులూ నరికించడం, ఒక సిద్ధుడు వచ్చి వాటిని మళ్ళీ మొలిపించడం. క్యూలో ముందున్నవాళ్ళూ వెనకున్నవాళ్ళూ చెవులప్పగించి విన్నారు. లోపల భీమేశ్వరుడి దగ్గర మాత్రం పై అంతస్తు ఎక్కి లింగాన్ని చూసేలోపే జరగండి జరగండి అని నెట్టేశారు.

అక్కణ్ణించి రాజమండ్రి వెళ్ళే దారిలో బిక్కవోలులో ఆగాం. నరేంద్రుడి వంశంలోనే అంతకుముందు ఏలిన గుణగ విజయాదిత్యుడి బిరుదు మీదే ఈ ఊరికి పేరొచ్చిందంటారు, పొలాల్లో ఆ తూర్పు చాళుక్యుల గుళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. అమ్మకి అవేం పట్టలేదు, లక్ష్మీగణపతి చెవిలో ఏదో చెప్పుకుంది, ఏమిటో ఎంత అడిగినా చెప్పలేదు.

రాజమండ్రి చేరాక చిత్రాంగి మేడ ఎక్కడండీ అని అడిగితే ముగ్గురు మూడు వైపులు చూపించారు. సారంగధర మెట్టకి మాత్రం ఆటో అబ్బాయి మారు మాట్లాడకుండా తీసుకెళ్ళాడు. అక్కడ కొబ్బరికాయలమ్మే పెద్దావిడ ‘ఆయ్, నరికింది ఇక్కడేనండి’ అని పక్కింట్లో జరిగినట్టు చెప్పింది. అత్త అందుకుంది: ‘ఆ పిల్లాడి ఉసురు తగిలే కదా రాజ్యం పోయింది.’

నేనూరుకోలేదు (ఊరుకోవాల్సింది). శాసనాల్లో సారంగధరుడనే కొడుకు లేడత్తా, 15వ శతాబ్దంలో గౌరన రాసిన నవనాథచరిత్రలో ఇతను మాళవదేశపు రాజకుమారుడు, నరేంద్రుడికి అంటగట్టింది తర్వాతివాళ్ళు అన్నాను. 17వ శతాబ్దపు లక్షణకారుడు అప్పకవి అయితే ఇంకా దూరం వెళ్ళాడు. నన్నయ వ్యాకరణాన్ని భీమన అనే కవి కోపంతో గోదాట్లో కలిపేశాడట, చిన్నప్పుడే దాన్ని కంఠస్థం చేసిన సారంగధరుడు సిద్ధుడై బతికే ఉండి, వందల ఏళ్ళ తర్వాత బాలసరస్వతి అనే పండితుడికి అందించాడట. నిజం చెప్పాలంటే ఈ కథ నాకు చాలా ఇష్టం, నమ్మను గానీ.

జరిగింది వేరు. 1022లో పట్టాభిషేకం అయినా నరేంద్రుడికి సుఖం లేదు, సవతితమ్ముడు విజయాదిత్యుడు గద్దె కోసం పీక్కుతింటుంటే మేనమామల చోళ సైన్యం వచ్చి నిలబెట్టాల్సి వచ్చింది. 1061లో ఆయన పోయాడు. కొడుకు రాజేంద్రుడు 1070లో దక్షిణాదికి వెళ్ళి చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడయ్యాడు, మళ్ళీ ఇక్కడ కాపురం పెట్టలేదు. వేంగికి, అంటే తండ్రి ఏలిన ఈ రాజ్యానికి, అక్కణ్ణించి ప్రతినిధుల్ని పంపేవాడు. శాపమూ లేదు, నరకడమూ లేదు, రాజధాని కాస్తా ఒకరి కింద ఊరైపోయింది, అంతే.

అత్త అంతా విని నీళ్ళ సీసా మూత బిగించింది. ‘అయితే కొడుకు పోయాడా లేదా?’

‘పోయాడు.’

‘రాజ్యం పోయిందా లేదా?’

‘పోయింది.’

‘మరి నేను చెప్పిందేంటి?’ అని సంచీలోంచి ద్రాక్షారామంలో మిగిలిన ఒత్తులూ నెయ్యి తీసి శివుడి ముందు కూర్చుంది. మెట్ట మీద గాలి, దీపం రెండుసార్లు ఆరిపోయింది. మూడోసారి నన్ను చెయ్యి అడ్డం పెట్టమంది. పెట్టాను.