పెరటి బొప్పాయి: ఏది ఆడ, ఏది మగ, ఏది రెండూ

ఖమ్మంలో మా పెరట్లో రెండు గుంతల్లో రెడ్ లేడీ అనే హైబ్రిడ్ బొప్పాయి, ఒకదాంట్లో అత్తయ్య ఇచ్చిన నాటు గింజలు వేశాను. నాటు గింజల మీది జిగురు మొలకను అడ్డుకుంటుంది, అందుకని బూడిదలో రుద్ది కడిగి వేశాను. ఆగస్టులో గుంతకు మూడేసి నారు మొక్కలు నాటాను. పూత పడేదాకా చెట్టు ఏదో మన కంటికి తెలియదు. నల్ల గింజ ఆడది, తెల్ల గింజ మగది అనే లెక్కలు నమ్మకండి.

జనవరిలో మొగ్గలు వచ్చాయి. నాటు గుంతలో ఒకదానికి పొడవాటి కాడలు వేలాడుతూ గుత్తులు గుత్తులుగా సన్నని పూలు. అది మగది. కాండం మొదట్లో మేకు కొడితే ఆడదవుతుందని అత్తయ్య పట్టుబట్టింది. అసలు సంగతేంటంటే, చలికాలంలో కొన్ని మగ చెట్లు వాటంతట అవే గుత్తి చివర ఒకటో రెండో కాయలు కాస్తాయి. పేరు మాత్రం మేకుకు పోతుంది! నేను దాన్ని కొట్టేశాను, పుప్పొడికి పక్క గుంతల్లో రెడ్ లేడీ ఉండనే ఉంది.

రెడ్ లేడీలో మగ చెట్లు రావు, ఆడవి, ద్విలింగవి (ఒకే పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉన్నవి) వస్తాయి. మొగ్గను బ్లేడుతో నిలువునా కోసి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. ఆడ మొగ్గ అడుగున బొద్దుగా, కొనదేరి ఉంటుంది. లోపల కేసరాలు (పుప్పొడినిచ్చే మగ భాగాలు) ఉండవు, ఐదు రేకులూ దాదాపు మొదలు దాకా విడిగా ఉంటాయి. ద్విలింగ మొగ్గ పొడుగ్గా ఉండి, రేకులు కింద గొట్టంలా అతుక్కుని, లోపల సన్నని అండాశయం (కాయగా మారే భాగం) చుట్టూ పది కేసరాలుంటాయి. ఆడదానికి గుండ్రటి కాయ, ద్విలింగదానికి పొడుగు కాయ. మార్కెట్లో పొడుగుదానికే గిరాకీ.

చిక్కంతా ఈ ద్విలింగ చెట్టుతోనే. చలిలో వచ్చిన మొదటి పూలలో కేసరాలు అండాశయానికి అతుక్కుపోయి, కాయలు గాడులు పడి వంకరగా తయారయ్యాయి. తెగులేమో అని టెన్షన్ పడనక్కర్లేదు, నత్రజని, తడి ఎక్కువైనా ఇలాగే అవుతుంది. వంకర పిందెలు తీసేసి యూరియా ఆపాను. మేలో ఎండలు 40 డిగ్రీలు దాటాక కథ తిరగబడింది: అండాశయం కుంగిపోయి, పూలు మగవాటిలా పూసి రాలిపోయాయి. ఆ వారాల్లో పక్కింటాయన "ఇది మగది, కొట్టెయ్" అన్నారు. వేలాడే గుత్తులు లేవంటే అది మగది కాదు. చెట్టు మొదట్లో వరిగడ్డి కప్పి, పొద్దునా సాయంత్రం నీళ్లు పెట్టాను. వానలు పడ్డాక మళ్లీ పిందె నిలిచింది. పాత కాయలకూ కొత్త పిందెలకూ మధ్య కాండం మీద కాయల్లేని ఖాళీ మాత్రం ఉండిపోయింది.

ఆడ చెట్టుకు ఈ గోలేమీ లేదు, పుప్పొడి అందితే చాలు, ఎండలోనూ కాసింది.

ఇప్పుడు గింజల పని. ద్విలింగ పువ్వు తన పుప్పొడితోనే కాస్తే, ఆ గింజల్లో సుమారు రెండు వంతులు ద్విలింగవి, ఒక వంతు ఆడవి వస్తాయి, మగవి రావు. రెడ్ లేడీ హైబ్రిడ్ కాబట్టి రుచి, సైజు తల్లిలా ఉంటాయన్న హామీ లేదు. అయినా వేరే పుప్పొడి పడకుండా ద్విలింగ చెట్టు మీది విచ్చుకోని మొగ్గకు బటర్ పేపర్ కవరు కట్టాను. పిందె కట్టాక కవరు తీసేసి కాడకు ఎర్ర దారం చుట్టాను. పండడానికి ఇంకా నాలుగైదు నెలలు పడుతుంది.