ఆయన చెప్పులు

ఆషాఢ శుద్ధ చతుర్దశి సాయంత్రం సింహాచలం కొండ మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టేటప్పుడు ఇద్దరం పక్కపక్కనే ఉన్నాం. నేను ఇంటి దగ్గరి నుంచే చెప్పులు లేకుండా వచ్చాను. ఆయన కొండ కింద విప్పి, సంచిలో చుట్టి నా చేతికిచ్చారు. కొండను కుడివైపు ఉంచుకుని 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ. మొక్కు నాది.

అడవివరం దాటకముందే ఆయన ఆఫీసు మిత్రులు కలిశారు. మొదట పది అడుగుల ముందున్నారు, తర్వాత యాభై. ముడసర్లోవ దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చెయ్యి ఊపారు. రమ్మనో, వెళ్తున్నాననో తెలియదు. పదకొండేళ్ల కాపురంలో ఆ చెయ్యి ఊపడం నాకు కొత్త కాదు. రైల్వే స్టేషన్లలో చూశాను, ఒకసారి ఆసుపత్రి వరండాలోనూ చూశాను.

హనుమంతవాక చేరేసరికి వాన. ఒక మైకులో గోవింద నామాలు, పక్క శిబిరం మైకులో తప్పిపోయిన పిల్లాడి గుర్తులు, మధ్యలో పులిహోర పొట్లాల కోసం తోపులాట. పోలీసులు అడ్డంగా తాడు పట్టారు. ఆయన అటువైపు, నేను ఇటువైపు. తాడు దించేసరికి అటు ఎవరూ లేరు. అంటే, వేలమంది ఉన్నారు, ఆయన లేరు. ఫోను కలవలేదు.

అప్పుఘర్ దగ్గర అందరూ సముద్రంలో మునుగుతున్నారు. ఒడ్డున నిలబడి వెదికాను. తడిసిన తెల్ల పంచెలన్నీ ఒక్కలాగే ఉంటాయి.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ మజ్జిగ గ్లాసు అందిస్తూ, "నీతో ఎవరూ రాలేదా తల్లీ?" అంది.

"వచ్చారు. ముందున్నారు."

ఇంకేమీ అడగలేదు. అరికాళ్లకు రాసుకోమని కొబ్బరినూనె సీసా ఇచ్చింది. వెంకోజీపాలెం, ఇసుకతోట, కైలాసపురం... ఆమె తన ఆవు గురించి చెబుతూనే ఉంది. చాలాకాలంగా నాతో ఎవరూ అంతసేపు మాట్లాడలేదు.

మాధవధారలో మూడు గంటలకు ఫోను మోగింది.

"మోకాలు పట్టేసింది. ఇసుకతోటలో ఆటో ఎక్కి ఇంటికి వచ్చేశాను. నా చెప్పులు జాగ్రత్త."

నొప్పి నిజమే. ఆయన అబద్ధం చెప్పరు. నేనెక్కడున్నానని మాత్రం అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఎన్‌ఏడీ కూడలి, గోపాలపట్నం ఎలా దాటానో గుర్తులేదు. తెల్లవారాక కొండెక్కి వరుసలో నిలబడ్డాను. అప్పన్న స్వామికి నాలుగు విడతల్లో సమర్పించే చందనంలో ఆషాఢ పౌర్ణమిదే చివరి విడత. గర్భాలయం ముందు నిలబడ్డది రెండు క్షణాలే. ఏం కోరుకోవాలనుకున్నానో అప్పుడు గుర్తుకు రాలేదు.

కిందికి దిగాక, బస్సుల దగ్గర, పగిలిన అరికాలికి కంకర గుచ్చుకుంది. సంచి విప్పి ఆయన చెప్పులు వేసుకున్నాను. నా పాదాలకు బాగా పెద్దవి, అడుగు తీస్తే మడమకు టపటపా కొట్టుకుంటున్నాయి. ముసలమ్మ చూసి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.