నాన్న సంతకాన్ని నా ప్రోగ్రామే కాదంది

పక్షవాతం నుంచి కాస్త తేరుకున్నాక నాన్న మొదటిసారి రాసిచ్చిన చెక్కు వెనక్కొచ్చింది, సంతకం సరిపోలలేదని. ఆ రోజు ఆయన అన్నం కూడా సరిగా తినలేదు. నేనప్పుడు ఎంటెక్ చివరి ఏడాది, ప్రాజెక్టు ఇంకా తేలలేదు, ఇక ఇదే చేద్దామనుకున్నాను: సంతకం అసలుదో కాదో కంప్యూటర్ చేత చెప్పించడం.

సయామీస్ నెట్‌వర్క్ అనే, పోల్చడం నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్ వాడాను. రెండు సంతకాల బొమ్మలు ఒకే నెట్‌వర్క్‌లోంచి వెళ్తాయి, చివర్లో రెండింటి మధ్య దూరం కొలుస్తాం, తక్కువ వస్తే ఒకరివే అనుకుంటాం. 1993లో బెల్ ల్యాబ్స్ వాళ్లు ఆ పేరుతో దీన్ని వాడింది కూడా సంతకాల కోసమే. కాకపోతే వాళ్లవి ఎలక్ట్రానిక్ పలక మీద పెట్టించినవి, చెయ్యి ఎలా కదిలిందో కూడా అందులో నమోదవుతుంది. చెక్కు మీద ఆరిన సిరా తప్ప ఏమీ ఉండదు.

మొదట సెడార్ అనే, పరిశోధనకి వాడే సంతకాల డేటా తీసుకున్నాను, 55 మందివి, ఒక్కొక్కరివి 24 అసలువి, 24 ఫోర్జరీలు. వారంలో ఖచ్చితత్వం 99 శాతం దాటింది. పరుగున వెళ్లి గైడ్ సార్‌కి చూపిస్తే ఆయన ఒక్కటే అడిగారు, "ట్రైనింగ్‌లో ఉన్న మనుషులే టెస్ట్‌లోనూ ఉన్నారా?" ఉన్నారు. పోల్చే సంతకాల జతలన్నీ కలిపేసి, నేర్పడానికి కొన్ని, పరీక్షించడానికి కొన్ని పంచాను గానీ మనుషుల్ని వేరు చేయలేదు. సరిచేసి నడిపితే ఫలితం బాగా పడిపోయింది. ఈ పని మొదలుపెట్టేవాళ్లకి గట్టిగా చెప్తున్నా, ముందు మనుషుల్ని విడదీయండి, జతలు తర్వాత కట్టండి.

బీహెచ్‌సిగ్260 అనే మరో సంతకాల డేటాలో 100 మంది బెంగాలీ, 160 మంది హిందీ సంతకాలున్నాయి, తెలుగు లేదు. అందుకని మా ఊళ్లో నేనే సేకరించాను. "ఖాళీ కాగితం మీద సంతకమా బాబూ?" అన్నారు చాలామంది, ప్రామిసరీ నోట్లతో దెబ్బతిన్నవాళ్లు అనకుండా ఎలా ఉంటారు. గళ్లు ముద్రించి, పైన 'చదువు కోసం మాత్రమే' అని రాసి తీసుకెళ్తే ఒప్పుకున్నారు. ఒకే దఫా పది పెట్టిస్తే చివరివన్నీ అచ్చుగుద్దినట్టు వచ్చేవి, అందుకే రోజుకు రెండే. ఇంతా చేస్తే స్కాన్‌లో మరకలు తుడిచే కోడ్ విడిగా ఉన్న తలకట్లనీ ఒత్తుల్నీ కూడా దుమ్మనుకుని చెరిపేసింది. అది కనిపెట్టడానికి రెండు వారాలు పట్టింది.

చివరికి ఇంట్లోవే పెట్టి చూశాను. నాన్న పాత సంతకానికి, తమ్ముడు సాధన చేసి పెట్టిన నకలు దగ్గరగా వచ్చింది, నాన్న ఇప్పుడు వణుకుతూ పెట్టింది దూరంగా వచ్చింది. స్క్రీన్ ముందు చాలాసేపు కూర్చుండిపోయాను. ఎంత దూరం దాకా ఒకరివే అనుకోవాలన్న హద్దు సడలిస్తే నాన్నతో పాటు తమ్ముడి నకలూ లోపలికొస్తుంది, బిగిస్తే నాన్నే బయట ఉంటాడు. అందుకే రిపోర్టులో మొత్తం మీద ఎంత శాతం సరిగ్గా చెప్పిందో రాసి ఊరుకోలేదు, అసలు మనిషిని కాదన్నవెన్నో, ఫోర్జరీని అవునన్నవెన్నో విడివిడిగా రాశాను.

తర్వాతి సెలవుల్లో నాన్నని బ్యాంకుకి తీసుకెళ్లి కొత్త నమూనా సంతకం ఇప్పించాను. అసలు సంతకమే పెట్టలేనివాళ్లయితే ఇద్దరు సాక్షుల ముందు, అందులో ఒకరు బ్యాంకు అధికారి, వేలిముద్రతో డబ్బు తీసుకునే వీలు రిజర్వు బ్యాంకు కల్పించిందని అక్కడే తెలిసింది. నాన్న మాత్రం సంతకమే పెడతానన్నాడు. మూడు చోట్ల, మెల్లగా, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని పెట్టాడు.