దిక్సూచి ముల్లు ఎటు వాలుతుంది

నేను చదువుకునే రోజుల్లో వాడిన దిక్సూచి ఒకటి సామానుతో పాటు భూమధ్యరేఖ దాటి మాతో వచ్చింది. పదేళ్ల మా అమ్మాయి ఈ మధ్య దాన్ని బయటికి తీసి, ముల్లు సరిగా తిరగడం లేదనీ, ఒక కొస అడుగు పలకకు రాసుకుంటోందనీ చెప్పింది. పాడైపోయిందని పక్కన పెట్టబోయాను కాని, అది పాడవలేదు. భూమి అయస్కాంత క్షేత్రం ఉత్తరార్ధగోళంలో నేలలోకి వాలి ఉంటుంది, దక్షిణార్ధగోళంలో నేలనుంచి పైకి లేచి ఉంటుంది. ఆ వాలును సరిచేయడానికి ఉత్తరార్ధగోళం కోసం తయారుచేసే దిక్సూచిలో ముల్లు దక్షిణపు కొసను కాస్త బరువుగా ఉంచుతారు. రేఖకు ఇవతల ఆ బరువూ, క్షేత్రపు వాలూ రెండూ కలిసి ఒకే కొసను కిందికి లాగుతాయి.

"అయితే ఇది ఇక్కడ పనికిరాదా అమ్మా?" అని అడిగింది. ఇంట్లో తెలుగే మాట్లాడాలని మేము పెట్టుకున్న నియమం తడబడేది ఇలాంటి ప్రశ్నల దగ్గరే, ఎందుకంటే బడిలో ఆమె ఇంగ్లీషులో విన్న విజ్ఞానాన్ని తెలుగులో చెప్పాలంటే నేనే మాటల కోసం వెతుక్కోవలసి వస్తుంది. ఆ రోజు ఫోనులో ఆమెతో మాట్లాడుతూ తాతయ్యగారు అయస్కాంతాన్ని సూదంటురాయి అన్నారు. సూదులు అంటుకునే రాయి అని విడదీసి చెప్పగానే ఆ మాట ఆమెకు పట్టుబడింది. మాగ్నెట్ అన్నప్పుడు ఆ రాయి చేసే పని వినిపించదని తనే అన్నది.

సూదంటురాయిని ఒంట్లోనే తయారుచేసుకునే బ్యాక్టీరియా ఉన్నాయని అప్పుడు చెప్పాను. అమెరికాలోని ఉడ్స్ హోల్‌లో బురదనీటిని సూక్ష్మదర్శిని కింద పరిశీలిస్తున్న రిచర్డ్ బ్లేక్‌మోర్, కొన్ని కణాలు ఎప్పుడు చూసినా నీటిచుక్కలో ఒకే అంచుకు చేరుతుండడం గమనించాడు. అయస్కాంతాన్ని దగ్గరికి తేగానే అవి దారి మార్చుకున్నాయి. 1975లో ఆయన ఈ సంగతి ప్రకటించాడు. ఆ కణాల్లో పలుచని పొర చుట్టుకున్న మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజపు స్ఫటికాలు, ఒక్కొక్కటి సుమారు 35 నుంచి 120 నానోమీటర్ల పరిమాణంలో, దండలోని పూసల్లా వరుసగా ఉంటాయి. చచ్చిన కణం కూడా ముల్లులాగే క్షేత్రం వెంట తిరిగి నిలుస్తుంది; బతికున్నది ఆ గీత వెంట ఈదుతుంది.

నిజానికి వాటికి కావలసింది ఉత్తరం కాదు, ఆక్సిజన్ తక్కువగా ఉండే అడుగుబురద. ఉత్తరార్ధగోళంలో క్షేత్రం కిందికి వాలి ఉంటుంది కనుక ఉత్తరానికి ఈదిన కణం బురదకు చేరుతుంది. దక్షిణార్ధగోళంలోని న్యూజిలాండ్, టాస్మేనియాలలో వెతికిన బ్లేక్‌మోర్, ఆయన సహచరులు అక్కడివి ఎక్కువగా దక్షిణానికి ఈదుతున్నాయని 1980లో తెలియజేశారు. భూమధ్యరేఖ దగ్గర క్షేత్రం దాదాపు నేలకు సమాంతరంగా ఉండడంతో రెండు రకాలూ కలిసి కనిపిస్తాయి. మా అమ్మాయి భూగోళం బొమ్మ గీసి, పైన ఒక కణాన్నీ కింద ఒక కణాన్నీ పెట్టి, రెండింటి బాణాలనూ భూమి లోపలికే తిప్పింది. నా వివరణ కంటే ఆ బొమ్మే స్పష్టంగా ఉంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం కణవిభజన. స్ఫటికాల గొలుసు కట్టే విధానం జన్యువుల్లో ఉంటుంది కాని, ఎటు తిరగాలన్నది వాటిలో ఉండదు. కణం రెండుగా చీలినప్పుడు గొలుసు కూడా మధ్యకు తెగి పిల్లకణానికి సగం దక్కుతుంది. మిగతా సగాన్ని అది తానున్న నీటిలోని ఇనుముతో కట్టుకుంటుంది, కొత్త స్ఫటికాలు పాతవాటి దిశనే అందుకుంటాయి. నా తెలుగు మా అమ్మాయికి అలాంటి సగం గొలుసేనని నాకు అనిపిస్తుంది. పోలికను ఇంతకంటే సాగదీయడం న్యాయం కాదు, ఎందుకంటే కణానికి ఎంచుకునే వీలు లేదు, బిడ్డకు ఉంది. పైగా కణాల గుంపులో ఎదురుదిశకు ఈదేవి ఎప్పుడూ కొన్ని ఉంటాయి. ప్రయోగశాలలో క్షేత్రపు వాలును తలకిందులు చేసి కొన్ని వారాలు ఉంచితే ఆ కొద్దిపాటివే పెరిగి గుంపును నింపుతాయి.

పక్షుల దిక్సూచి పనితీరు వేరు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో యూరోపియన్ రాబిన్ పిట్టలపై వోల్ఫ్‌గాంగ్ విల్చ్‌కో చేసిన ప్రయోగాల్లో, అవి ఉత్తర దక్షిణాలను గుర్తించవనీ, క్షేత్రపు వాలును బట్టి ధ్రువం ఎటో, భూమధ్యరేఖ ఎటో తెలుసుకుంటాయనీ 1972లో తేలింది. అందుకు కాంతి కూడా అవసరం కనుక, కంటిలో కాంతిని గ్రహించే క్రిప్టోక్రోమ్ అనే ప్రోటీన్ మీద పరిశోధకులు దృష్టి పెట్టారు.

అమ్మాయి మనసు నిలిచింది తాబేళ్ల దగ్గర. ఫ్లోరిడా తీరంలో గుడ్డు పగిలి బయటపడిన లాగర్‌హెడ్ తాబేలు పిల్లలను కెన్నెత్ లోమన్ బృందం తీగచుట్టల మధ్య నీటితొట్టిలో వదిలి, అట్లాంటిక్‌లోని వేరువేరు చోట్ల క్షేత్రాలను కల్పించింది. సముద్రం ఎన్నడూ చూడని ఆ పిల్లలు, ఏ చోటి క్షేత్రం తగిలితే ఆ చోట తమను అనుకూల ప్రవాహంలో ఉంచే దిక్కుకే ఈదాయి. పెద్ద ఆడతాబేళ్లు గుడ్లు పెట్టడానికి తిరిగి తాము పుట్టిన తీరం వైపే వస్తాయి; ఆ తీరపు క్షేత్రాన్నే అవి గుర్తుగా పెట్టుకుంటాయని పరిశోధకుల ఊహ. కాని భూమి క్షేత్రం ఏటా కొద్దికొద్దిగా జరుగుతుంటుంది. ఫ్లోరిడా తీరంలోనే 19 ఏళ్ల గూళ్ల లెక్కలను పరిశీలించి 2015లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, పక్కపక్క తీరాల అయస్కాంత గుర్తులు దగ్గరైన చోట గూళ్లు కూడా ఒత్తుగా చేరాయి. అంటే తాబేలు వచ్చింది ఇసుక కోసం కాదు, గుర్తు కోసం.

మా అమ్మాయి పుట్టింది రేఖకు అవతల. నెలల పిల్లగా ఇక్కడికి వచ్చింది. "నేను పుట్టినచోట ఎంత వాలు ఉంటుంది?" అని అడిగింది. ఇద్దరం కూర్చొని రెండు చోట్ల వాలు కోణాలూ వెతికి పట్టుకున్నాం. భూగోళం బొమ్మ మీద రెండింటినీ తెలుగులోనే రాసింది. భూమి క్షేత్రపు నమూనాను ఐదేళ్లకొకసారి సవరిస్తారని చెప్పాక, ప్రతి అంకె పక్కనా సంవత్సరం కూడా వేసింది.