ఎక్కుపెట్టిన స్ప్రింగును నమ్మే ముందు

మా పెదనాన్నగారి ఎయిర్ రైఫిల్ పోయిన ఏడాది నా చేతికి వచ్చింది. అంబాజీపేట దగ్గర మా కొబ్బరితోట ఇంట్లో, ధాన్యం గది గోడకు ముప్పై ఏళ్లపాటు వేలాడిన ఆ తుపాకీ బ్యారెల్‌ను కిందికి వంచి ఎక్కుపెట్టే రకానిది. ఊళ్లో దానిని పిట్టల తుపాకీ అనే అంటారు. దానిని విప్పి, బాగుచేసి, కొన్ని భాగాలు మార్చి ఇప్పుడు కాగితపు గురిచక్రాల మీద కాలుస్తున్నాను. ఇటువంటి పనికి పూనుకునే వారు ముందుగా చూసుకోవలసినది వేగం కాదని, ఎక్కుపెట్టిన స్ప్రింగును ఆపి ఉంచే పట్టు అని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

బ్యారెల్‌ను వంచినప్పుడు దానికి తగిలించిన లివరు పిస్టన్‌ను వెనక్కి నెట్టి స్ప్రింగును అదిమిపెడుతుంది. అప్పుడు సియర్ అనే చిన్న ఉక్కు కొక్కెం పిస్టన్‌ను పట్టుకుని నిలుపుతుంది. ట్రిగ్గర్ నొక్కగానే కొక్కెం జారి, పిస్టన్ ముందుకు దూకి, ఎదురుగా ఉన్న గాలిని నొక్కి, సన్నని రంధ్రం గుండా ఆ గాలిని పెల్లెట్ అనే చిన్న సీసపు గుండు వెనుక భాగానికి పంపుతుంది. అంటే ఎక్కుపెట్టిన క్షణం నుంచి కాల్చే క్షణం వరకు ఆ బలమంతటినీ ఆపి ఉంచేది ఒకదానినొకటి కాస్తంత మేర పట్టుకున్న రెండు ఉక్కు అంచులే.

నాకు పద్నాలుగేళ్ల వయసులో, ట్రిగ్గర్ మరీ గట్టిగా ఉందని పెదనాన్నగారు ఒక మెకానిక్‌కు ఇస్తే, అతను సియర్ అంచును ఆకురాయితో అరగదీసి ఇచ్చాడు. ట్రిగ్గర్ ఎంతో సుతారంగా మారిందని ఇంట్లో అందరం సంబరపడ్డాం. రెండో రోజు సాయంత్రం అరుగు మీద కూర్చుని, తెరిచిన బ్యారెల్‌లో నేను పెల్లెట్ పెడుతుండగా, ట్రిగ్గర్‌ను ఎవరూ తాకకుండానే కొక్కెం జారింది. బ్యారెల్ ఒక్క ఊపున పైకి ఎగిరి మూసుకుంది. నా బొటనవేలి గోరు సగం వరకు తెగిపోయింది, బ్యారెల్ కూడా పైకి వంగిపోయింది. ఆ రాత్రే తుపాకీ గోడకెక్కింది. ఈనాటికీ పెల్లెట్ పెట్టేటప్పుడు నా ఎడమచేయి బ్యారెల్‌ను గట్టిగా పట్టుకునే ఉంటుంది. బ్యారెల్ తెరిచి ఉండగా ట్రిగ్గర్ పనిచేయకుండా అడ్డుకునే ఏర్పాటు కొన్ని తుపాకులకు ఉన్నా, దాని మీద భారం వేసి చేయి వదలడం తప్పు.

విప్పేటప్పుడు ఇంకొక ప్రమాదం ఉంది. ఎక్కుపెట్టకపోయినా లోపలి స్ప్రింగు కొంత అదిమిపెట్టిన స్థితిలోనే ఉంటుంది కాబట్టి, వెనుక మూతను మామూలు మరలాగ తిప్పి తీస్తే అది ముఖం మీదికి దూకుతుంది. నేను చెక్క చట్రానికి పొడవాటి బోల్టు బిగించి, దానితో మూతను అదిమి పట్టి, కొద్దికొద్దిగా వదులుతూ తీశాను. లోపల కనబడినది తోలు వాషరు, దాని చుట్టూ పసుపు రంగు జిగురు. మా ఇంట్లో తలుపు బందులకూ కుట్టుమిషనుకూ వేసినట్టే దీనికీ ఏళ్ల తరబడి కొబ్బరినూనె పోశారు! 24 డిగ్రీల దిగువన గడ్డకట్టే ఆ నూనె వల్లనే ధనుర్మాసపు ఉదయాలలో ఈ తుపాకీ మందగించేదని నా నమ్మకం. అంతకంటే పెద్ద చిక్కు ఏమిటంటే, పిస్టన్ ముందున్న గదిలోకి చేరిన నూనె ఏదైనా, గాలి ఒత్తిడికి పుట్టే వేడిలో డీజిల్ ఇంజనులో లాగ అంటుకోగలదు. అప్పుడు పెద్ద చప్పుడు వస్తుంది, పొగ వస్తుంది, గాలి బయటికి పోకుండా ఆపే ఆ వాషరు చీలుతుంది, స్ప్రింగు విరుగుతుంది. పెల్లెట్ లేకుండా కాల్చినా నష్టమే. ఎదురు నిలిచే గాలిమెత్త లేక పిస్టన్ నేరుగా ఆ గది ముందు గోడను గుద్దుకుంటుంది.

ఇక మార్పుల సంగతి. చాలామంది మొదట అడిగేది గట్టి స్ప్రింగు. నేను వేయలేదు. అది తుపాకీని ఎక్కువగా కుదిపి గురి చెడగొడుతుంది, సియర్ మీద బరువు పెంచుతుంది. చుట్లు ఎక్కువైతే అవి ఒకదానికొకటి ఆనుకుపోయి, కొక్కెం పడకముందే బ్యారెల్ కదలకుండా నిలిచిపోతుంది. మన దేశంలో 4.5 మిల్లీమీటర్ల వ్యాసం, 20 జౌళ్ల శక్తి అనే హద్దులు దాటితే లైసెన్సు లేకుండా ఉంచుకోకూడదు. అర గ్రాము పెల్లెట్ సెకనుకు 200 మీటర్ల వేగంతో వెళితే అది 10 జౌళ్లు. గురిచక్రానికి అది ఎక్కువే. నేను చేయించినవి మూడే: లేత్ మీద, స్ప్రింగు లోపల సరిగ్గా పట్టి దానిని వంగకుండా నిలిపే డెల్రిన్ (గట్టి ప్లాస్టిక్) గైడు, స్ప్రింగు కొసలను చదును చేయించడం, వంగిన బ్యారెల్‌ను సరిచేయించడం. గైడు పడగానే, కాల్చినప్పుడల్లా వినబడే టంగుమనే మోత పోయింది. సియర్‌ను మాత్రం అరగదీయలేదు, కొత్తది తెప్పించాను.

తిరిగి బిగించాక, పెల్లెట్ పెట్టి, బ్యారెల్ మూసి, ఇసుక బస్తాల వైపు గురిపెట్టి, వెనుక దిమ్మను అరచేతితో నాలుగైదుసార్లు తట్టి చూశాను, కొక్కెం జారలేదు. సేఫ్టీ వేసి ట్రిగ్గర్‌ను గట్టిగా లాగి, సేఫ్టీ తీసి మళ్లీ తట్టాను. ఈ పరీక్షలో ఒక్కసారి జారినా, ఆ తుపాకీ పెట్టెలోకి పోవలసిందే.

మన డెల్టాలో గుండు ఆగే చోటు కూడా చూసుకోవాలి. నేల చదును, తోటలు పలుచన, మధ్యలో కాలువలు. సీసపు పెల్లెట్ కొన్ని వందల మీటర్లు పోగలదు, నీటి మీద పడితే చిల్లపెంకులా తేలి ఎగరగలదు. నేను పాత ఎరువుల సంచులలో గోదావరి ఇసుక నింపి మూడు వరుసలు పేర్చి, వాటి వెనుక ఇంటి గోడ ఉండేలా చూసుకున్నాను. చెరువుల మీద నీటికాకులను కొట్టడానికి తుపాకీ ఇమ్మని ఈ మధ్య ఒక బంధువు అడిగారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరమని చెప్పి, ఇవ్వలేదు. ఆయన కొంచెం నొచ్చుకున్నారు. కార్తీకంలో మళ్లీ వస్తానన్నారు. అప్పుడు గురిచక్రం మీద నాలుగు గుండ్లు కాల్పించి పంపుతాను.